మహారాజశ్రీ వెడల్పు గారికి

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం కాదు. అక్కడ తమరు ఎప్పటిలాగే దశాంశ బిందువు తర్వాత ఆరు అంకెలతో దర్జాగా ఉన్నారని తలుస్తాను.

నక్షత్రం ఫొటోలోని చుక్కకు గంట ఆకారపు ద్విమితీయ గాసియన్ గుట్టను అమర్చి, అది ఎంత పరుచుకుందో సెలవిమ్మని అడిగాను. తమరు 2 పిక్సెళ్లు అన్నారు. సరే, ఎక్కడి నుంచి ఎక్కడికి 2? ప్రామాణిక విచలనమైతే, ఖగోళం వారు అడిగే సగం ఎత్తు దగ్గరి పూర్తి వెడల్పు కోసం 2.355తో గుణించాలి, 4.7 అవుతుంది. లేజర్ల వారి గడప తొక్కితే తమరు కిరణపుంజం వ్యాసార్థమై, విచలనానికి రెట్టింపవుతారు. ఏ ఎండకా గొడుగు పట్టడం మనుషుల విద్యే అనుకున్నాను ఇన్నాళ్లూ.

పరాయి ఇళ్ల సంగతి పోనివ్వండి. నేను వాడే సాఫ్ట్‌వేర్‌లోనే, ఏకమితీయ గాసియన్ ఘాతంలో హారంగా ఉండవలసిన 2 ఉండదు. అందుకని అక్కడ తమరు విచలనానికి √2 రెట్లు. ద్విమితీయానికి రాగానే ఆ 2 తిరిగొచ్చి కూర్చుంటుంది, తమరు అచ్చమైన విచలనమైపోతారు. పేరు మాత్రం రెండు చోట్లా వెడల్పే! పాత అలవాటు కొద్దీ నేను రెండు దిక్కులా √2తో భాగించాను. నక్షత్రం కాంతి అంటే గుట్ట ఘనపరిమాణమే, అందులో రెండు వెడల్పులూ గుణించుకుంటాయి కదా, కాంతి సరిగ్గా సగమైపోయింది. ఆ మధ్యాహ్నమంతా పాపం మబ్బులను తిట్టాను.

ఒకసారి మైనస్ 2 అని కూడా సెలవిచ్చారు. ఎలాగూ వర్గం చేస్తారు, గుర్తుతో పనేమిటని తమరి ధీమా.

ఇక తమరి బావమరిది, సహసంబంధ గుణకం, అంటే అడ్డం, నిలువు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె. అడ్డంగా 2, నిలువుగా 2 అని చూసి, చుక్క గుండ్రంగా ఉంది, టెలిస్కోపు నక్షత్రాన్ని చక్కగా వెంబడిస్తోందని మా గురువుగారికి రాసి పంపాను. మూలన 0.8గా నక్కి కూర్చున్న ఆ బావమరిదిని నేను గమనించలేదు. అది ఉన్నప్పుడు చుక్క 45 డిగ్రీలు వాలిన దీర్ఘవృత్తం, వెడల్పుకు మూడింతల పొడవు. నడిమధ్యన అడ్డంగా కోస్తే విచలనం 1.2 మాత్రమే.

గురువుగారు నా అంకెల జోలికి పోలేదు. ఫొటో తెరిచి, “బాబూ, ఇది చుక్కా, దోసగింజా?” అన్నారు.

తమరినే అడిగి చెబుతానని మాటిచ్చాను. జవాబులో అంకె ఒక్కటే పంపక, సూత్రం కూడా జతచేయ ప్రార్థన.

ఇట్లు,
తమరిని నమ్మినవాడు