పేర్లు అడుగుతారు, జాగ్రత్త

తోటి ఉద్యోగుల గోడు మేనేజర్ చెవిన వేయాలా వద్దా అని మీరు అడిగారు. నాదీ అదే టెన్షన్. మాది ఒడిశాలోని రాయగడ. తెలుగు, ఒడియా రెండూ వచ్చని మిల్లులో అందరూ నన్నే ముందుకు తోస్తారు. ఓవర్‌టైమ్‌కి చట్టప్రకారం రెట్టింపు వేతనం ఇవ్వాలి. మాకు మామూలు రేటే కట్టారు. టీ బండి దగ్గర పదిమంది అరిచారు, మేనేజర్ గదిలోకి నాతో ఒక్కరూ రాలేదు! "ఎవరన్నారు?" అదే ఆయన మొదటి ప్రశ్న. పేర్లు చెప్పలేదు. నా హాజరు కార్డు, జీతం చీటీ పక్కపక్కన పెట్టి లెక్క చూపించాను. ఒకావిడ సెలవు గొడవ మాత్రం ఎత్తలేదు, ఆవిడ చెప్పమనలేదు కాబట్టి. రెండు నెలలకు బకాయి వచ్చింది. నన్ను నైట్ షిఫ్టులో వేశారు. ఇప్పటికీ అందులోనే ఉన్నాను.