కన్ను కొట్టిన కారు

దమయంతి స్వయంవరంలో అయిదుగురు నలులు కూర్చున్నారు. నలుగురు దేవతలు, ఒకడు అసలువాడు. ఆవిడ అసలువాణ్ణి ఎలా పట్టిందో మనకు తెలిసిందే. దేవతలు రెప్ప వేయరు, మనిషి వేస్తాడు. ఈ సూత్రాన్ని కార్లకు కూడా వర్తింపజేయాల్సిన సమయం వచ్చిందని పూర్తి బాధ్యతతో మనవి చేస్తున్నాను. డాలస్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఉన్నవన్నీ దేవతా కార్లే. పగలూ రాత్రీ గుడ్లప్పగించి చూస్తుంటాయి. వాటి మధ్య మనిషి పుట్టుక పుట్టింది నాదొక్కటే. 1990ల నాటి రెండు సీట్ల ఎర్ర కారు. దాని కళ్లంటే బానెట్‌లో మూత కింద దాక్కునే హెడ్‌లైట్లు. లైటు వేస్తే కళ్లు తెరుస్తుంది, ఆపితే మూస్తుంది.

మూసేది, తెరిచేది అనాలి. మొన్న దసరా నుంచి కుడి కన్ను ఒక్కటే లేస్తోంది.

కారు ఏ కంపెనీదో చెప్పను. ముప్ఫై ఏళ్లకు పైగా ఎత్తుతూ దించుతూ బతికిన మోటారు కన్నుమూస్తే దాన్ని లోపం అనకూడదు, నిర్యాణం అనాలి. చిక్కేమిటంటే మోటారు పోయింది గానీ బల్బు పోలేదు. మూత కింద వెలుగుతూనే ఉంటుంది, సందుల్లోంచి సన్నగా వెలుతురు కారుతుంటుంది. లోపల బోలెడంత ప్రకాశం ఉండీ బయటికి రాని మేధావులు మనకు కొత్త కాదు. ఆ మాట రాత్రి తొమ్మిదింటికి రోడ్డు పక్కన ఆపిన పోలీసాయనకు చెప్పి ఒప్పించడమే కష్టం.

విజయవాడ నుంచి వీడియో కాల్‌లో చూసిన మా అమ్మ, "అదేంట్రా, నీ కారు కన్ను కొడుతోంది? నలుగురూ తిరిగే చోటు, ఏమనుకుంటారు? అమ్మేసెయ్" అంది. పరువు సంగతి అలా ఉంచితే, ఒంటి లైటుతో వచ్చే లారీని బైకనుకుని పక్కకు జరగని వాళ్ల కథలు ఆవిడ చాలా విన్నది.

అసలు ఈ కన్ను మూసే విద్య 1936లో కార్డ్ 810 అనే అమెరికన్ కారుతో మొదలైంది. అందులో మోటారు లేదు. డ్యాష్‌బోర్డుకు ఈ చివర ఒక హ్యాండిల్, ఆ చివర ఒక హ్యాండిల్. ఒక్కో కన్నునూ విడివిడిగా తిప్పి లేపాలి. అంటే ఆ రోజుల్లో ప్రతి సాయంత్రమూ కారు కన్ను కొట్టాకే బయల్దేరేది, ఎవరూ తప్పు పట్టలేదు. ఆ తర్వాతంతా సర్కారువారి పుణ్యం. హెడ్‌లైటు నేల నుంచి కనీసం 22 అంగుళాల ఎత్తున ఉండాలని అమెరికాలో రూలు. పైగా 1983 దాకా ప్రభుత్వం చెప్పిన సైజు సీల్డ్ బీమే, అంటే బల్బూ అద్దమూ కలిపి ఒకే ముక్కగా మూసేసిన లైటే పెట్టాలి. ముక్కు నేలకు ఆనించి పరిగెత్తాలనుకునే కారు ఏం చేస్తుంది? పగలంతా తల దించుకుని, రూలు అవసరమైనప్పుడు మాత్రం తలెత్తింది. గవర్నమెంటు ఆఫీసులో పని చేసినవాళ్లకు ఈ పద్ధతి వివరించక్కర్లేదు. తర్వాత ఏ ఆకారం లైటైనా పెట్టుకోవచ్చన్నారు. పాదచారికి తగిలితే గుచ్చుకునేవేవీ ముందు పొడుచుకుని ఉండకూడదని యూరప్‌లో నిబంధనలు బిగిశాయి. 1989లో కళ్లు మిటకరిస్తూ వచ్చిన మజ్దా మియాటా, 1998 నాటి రెండో తరానికల్లా దేవతల్లో కలిసిపోయింది. 2004లో కార్వెట్, లోటస్ ఎస్ప్రిట్ ఆఖరిసారి రెప్ప వేశాయి.

"ఇంత పురాణం ఎందుకు? మోటారు నెత్తిన రబ్బరు టోపీ కింద చేత్తో తిప్పే గుండీ ఉందన్నారుగా. రెండు కళ్లూ పైకి తిప్పేసి ఫ్యూజు పీకేయండి, గొడవ వదిలిపోతుంది" అంది మా ఆవిడ. సాంకేతికంగా ఇందులో ఒక్క అక్షరం తప్పు లేదు. పైసా ఖర్చు కూడా లేదు. అందుకే వెంటనే తిరస్కరించాను. అలా చేస్తే నా కారు కూడా దేవతైపోతుంది, రేపు దమయంతి వస్తే ఏం చెప్పాలి?

కనుక నేత్రదానం ఒక్కటే మార్గమని తేల్చి జంక్‌యార్డుకు వెళ్లాను. టికెట్ 3 డాలర్లు, పనిముట్లు మనవే. చక్రాలు ఊడదీసిన కార్లను రిమ్ముల మీద నిలబెట్టి వరసలుగా పేర్చి ఉంటారు. మా ఆటోనగర్‌లో అయితే కూర్చోబెట్టి టీ ఇచ్చి సామాను లోపల్నుంచి తెచ్చి చూపిస్తారు. ఇక్కడ శవపరీక్ష మనదే, అవయవం కోసుకోవడమూ మనదే.

నా కారుకు కవల ఒకటి దొరికింది. వెనక నుంచి ఎవరో గుద్దారు, ముక్కు మాత్రం నిక్షేపంగా ఉంది. కళ్లు రెండూ మూసే ఉన్నాయి. వెంట తీసుకెళ్లిన చిన్న 12 వోల్టుల బ్యాటరీ తీగలు ఎడమ మోటారుకు తగిలించగానే గుర్రుమంది. మూత మీది దుమ్ము జారి, కన్ను మెల్లగా తెరుచుకుని నా వైపే చూసింది. నేను తల తిప్పుకున్నాను. బోల్టులు విప్పడానికి అరగంట పట్టింది, చేతిలోంచి జారి ఎక్కడో ఇరుక్కున్న పానా సాకెట్ వెతకడానికి గంట.

ఆపరేషన్ ఇంటి దగ్గర. మోటారు అర చుట్టు తిరిగితే కన్ను తెరుచుకుంటుంది, మిగతా అర చుట్టుకు మూసుకుంటుంది. ఎక్కడ ఆగాలో లోపలి కాంటాక్టుల బిళ్ల చెబుతుంది. మోటారు ఇరుసు మీద బిగించే, కంటిని ఎత్తే చిన్న చెయ్యి తిరగబడితే కథ అడ్డం తిరిగి, లైటు వేసినప్పుడు కన్ను మూసి, ఆపినప్పుడు తెరుస్తుంది. అలాంటివాళ్లను మేనేజర్లుగా భరించాను, కారుగా భరించలేను. తిన్నడు రెండో కన్ను పెకలించుకునే ముందు శివుడి కంటి దగ్గర గుర్తుకు కాలు ఆనించాడు కదా, నేను తెల్ల మార్కరుతో గీత గీశాను. ఫ్యూజు తీశాకే వేలు పెట్టాను. ఆ మూతకు భక్తుడెవరో తెలియదు, కొరికేస్తుంది.

పాత మోటారు విప్పి చూస్తే లోపల గ్రీజు అరిసెల పాకం ముదిరి రాయైనట్టుంది. గోటితో గీరితే పెళ్ల ఊడింది.

మోటారు 35 డాలర్లు. కొత్త సాకెట్ సెట్టు, బ్యాటరీ కలిపితే 90. రెండు శనివారాలు అదనం. "ముప్ఫై ఏళ్ల మోటారు పోయిందని ఇంకో ముప్ఫై ఏళ్ల మోటారు పెట్టారా?" అని మా ఆవిడ అడిగింది. ఉద్యోగాల్లో అనుభవం అడగడం లేదా అన్నాను. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఒప్పుకున్నట్టే లెక్క.

రాత్రి స్విచ్ వేశాను. రెండు కళ్లూ లేచాయి! దానం పుచ్చుకున్న ఎడమ కన్ను చటుక్కున లేచింది. పుట్టినప్పటి నుంచీ ఉన్న కుడి కన్ను, పిలిచారా అన్నట్టు, కాస్త ఆగి లేచింది. అమ్మకు వీడియోలో చూపించాను.

"ఇప్పుడు నయంరా, నిదానంగా కొడుతోంది" అంది.

యార్డులో ఆ కవలకు కుడి కన్ను ఇంకా ఉంది. శనివారం ఎనిమిదింటికి గేటు తీస్తారు.