పర్సెంట్ గారూ, దేని మీదండీ?

వన్‌టౌన్, విజయవాడ.

శ్రీయుత పర్సెంట్ గారికి,

నమస్కారం. మీరు నన్నెరగరు. వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో పద్దులు రాసుకునే గుమాస్తాని. మిమ్మల్ని మాత్రం రోజూ చూస్తూనే ఉంటాను. పేపరు తెరిస్తే మీరే, బీసెంట్ రోడ్డులో అడుగు పెడితే మీరే, సెల్‌ఫోన్ మూల బ్యాటరీ బొమ్మ పక్కనా మీరే. ఇంగ్లీషు వారింట పెరిగినా మా బెజవాడలో మీకున్న పలుకుబడి కార్పొరేటర్లకి కూడా లేదు.

మీ మీద నాదొకటే ఫిర్యాదు. మీరెప్పుడూ ఒంటరిగా వస్తారు. ఎంతో చెబుతారు, దేని మీదో చెప్పరు. మేం అడిగేలోపు బిల్లు కొట్టేసి ఉంటుంది.

ఆషాఢం సంగతే చూడండి. పెళ్లిళ్లుండవు, కొట్లు వెలవెలబోతుంటాయి, అప్పుడు మీకు గిరాకీ. ఒక కొట్టు ముందు ‘ఫ్లాట్ 50 ప్లస్ 20’ అని నిలువెత్తు బోర్డు కట్టారు. మా వదిన రెండూ కూడేసి, వెయ్యి రూపాయల చీర మూడొందలకి వస్తుందని డబ్బు గుప్పిట్లో పట్టుకుని వెళ్లింది. కౌంటర్లో నాలుగొందలన్నారు. మొదటి యాభై వెయ్యి మీదట, తర్వాతి ఇరవై మిగిలిన అయిదొందల మీదట. లెక్క తప్పని నేను అనను. వదిన కూడా అనలేదు. “ఆ ముక్క బోర్డు మీద రాయడానికి రంగు చాల్లేదా నాయనా?” అని మాత్రం అడిగింది. పక్క కొట్టువాడు రెండు కొంటే ఒకటి ఉచితమన్నాడు. దాన్నే ‘33 శాతం తగ్గింపు’ అంటే గుమ్మం ఎక్కేవాళ్లుండరు కనుక, అక్కడ మీరు మర్యాదగా తప్పుకున్నారు. ఇక మీ ముందు కంటికి ఆనని అక్షరాల్లో కూర్చునే ‘అప్‌టు’ గారికి విడిగా ఉత్తరం రాయాలి. ఆయనకి ఒక ఉత్తరం చాలదు.

2025 సెప్టెంబరు 22న ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. ఆ సాయంత్రం మా వీధి అరుగు మీద పెద్ద సభ. పది శాతం తగ్గిందోయ్ అన్నాడొకాయన. కాదు, ధర తగ్గింది 7.8 శాతమే, వంద రూపాయల సరుకు 128 నుంచి 118కి వచ్చింది కనుక పదిని 128 మీద కట్టాలన్నాడు ఇంకొకాయన. రిటైరైన లెక్కల మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, “పన్ను వరకే చూస్తే ఇరవై ఎనిమిదిలో పది పోయింది, దాదాపు 36 శాతం కోత” అని తేల్చారు. ముగ్గురూ నిజమే చెప్పారు, ముగ్గురి నోటా మీరే పలికారు. ఇంగ్లీషు వారింట మీకు పర్సెంటేజ్ పాయింట్ అని ఒక తమ్ముడున్నాడట, ఒక రేటుకీ ఇంకో రేటుకీ ఉన్న తేడా చెప్పే పని ఆయనదట. బెజవాడ అరుగుల మీద ఆయన్ని చూసిన పాపాన పోలేదు ఎవరూ.

ఏసీ పోతే పోయింది, ఫ్యానున్నది. మిర్చి విషయం అలా కాదు. క్వింటా ఇరవై వేలున్న కాయ 50 శాతం పెరిగితే ముప్పై వేలు. ఆ తర్వాత 50 శాతం పడితే పదిహేను వేలు. పేపర్లో పెరిగినప్పుడూ యాభయ్యే, తగ్గినప్పుడూ యాభయ్యే కనుక చదివేవాడికి చెల్లుకు చెల్లు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దించుకున్న రైతుకి మాత్రం క్వింటాకి అయిదు వేలు గల్లంతు. 2025లో ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు ఖరారు చేసింది, అయితే ఉత్పత్తిలో 25 శాతం వరకేనంది. కల్లంలో కాయ ఆరబోసుకున్న మా బావ, ఆ పాతికా ఎవరి కల్లంలోదని అడిగాడు. మీరు పలకలేదు.

అసలు గొడవ వడ్డీ దగ్గరుంది. మా నాన్న హయాంలో అప్పు బేరం ఒక్క మాటలో తేలిపోయేది. రెండు రూపాయల వడ్డీ అంటే వందకి, నెలకి, రెండు. వందనీ నెలనీ ఎవరూ పైకి అనరు గానీ అవి తెలియని పిల్లాడు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఉండడు. మీ లెక్కలో అదే ఏడాదికి 24. బ్యాంకు 12 అంటే మాకది రూపాయి వడ్డీ. సర్కారుకీ ఈ కిటుకు తెలుసు. డ్వాక్రా మహిళలకి ఏడాదికి 3 శాతానికి అప్పిస్తామని మీ భాషలో చెప్పకుండా ‘పావలా వడ్డీ’ అన్నారు. పావలా బిళ్ల 2011లో చెలామణీ నుంచి పోయింది, పావలా వడ్డీ మాత్రం జనం నోట నిలిచింది.

మా మేనల్లుడు బండి కొన్నాడు. లక్ష అప్పు, మూడేళ్లు, ‘టెన్ పర్సెంట్ ఫ్లాట్’. “రూపాయి వడ్డీ కూడా పడట్లేదు మావయ్యా” అని మురిసిపోయాడు. ఏడాదికి పదివేల చొప్పున మూడేళ్లకి ముప్పై వేలు అసలుకి కలిపి, 36 నెలలకి పంచారు. నెలకి 3,611. ఏడాదిన్నర కట్టేసరికి అసలు సగానికి దిగుతుంది, వడ్డీ మాత్రం అప్పటికీ నిండు లక్ష మీదే నడుస్తుంటుంది. తీరిపోయిన యాభై వేలకి కూడా మావాడు అద్దె కడుతున్నాడు. తరిగే అసలు మీద కట్టి చూస్తే ఆ పది కాస్తా దాదాపు 18, మా లెక్కన రూపాయిన్నర వడ్డీ. ఆ మాటే ముందు చెప్పి ఉంటే వాడు ఇంకో రెండు చోట్ల విచారించేవాడు. టెన్ పర్సెంట్ అనేసరికి బండికి దండేసి, నిమ్మకాయలు తొక్కించి, ఫొటో దిగొచ్చాడు.

అలాగని మా పద్ధతి సుద్దపూసని వాదించను. రెండు రూపాయలంటే టీ కూడా రాదు కదా అనిపిస్తుంది, ఇరవై నాలుగంటే గుండె గుభేలుమంటుంది. వడ్డీ వ్యాపారి అందుకే మిమ్మల్ని గడప తొక్కనివ్వడు. ఫైనాన్స్ కంపెనీవాడు అందుకే మిమ్మల్ని సోఫాలో కూర్చోబెడతాడు.

మీ దాయాది పర్సెంటైల్ గారి వల్ల ఇళ్లల్లో కొత్త తగువులు మొదలయ్యాయి. జేఈఈ ఫలితాలొచ్చిన రోజు పక్కింటి పిన్నిగారు, “మావాడికి తొంభై ఏడు!” అని మైసూరుపాకు పంచింది. నూటికి తొంభై ఏడు మార్కులనుకున్నాం. తీరా చూస్తే, పది లక్షల మంది రాస్తే ముప్పై వేల మంది వాడికి ముందున్నారని అర్థమట. పిల్లాడు బాగానే రాశాడు, వాణ్నేమీ అనను. ఆ మైసూరుపాకు తిని మా ఇంటి పిల్లాణ్ని తిట్టిపోసిన మా తమ్ముణ్ని అనాలి.

ఇక ‘త్రీ టైమ్స్ లెస్’. ఈయన మీకు చుట్టమో స్నేహితుడో తెలియదు. ఒక బల్బు పెట్టె మీద కరెంటు ఖర్చు మూడు రెట్లు తక్కువని అచ్చేశారు. ఒక రెట్టు తగ్గితేనే మిగిలేది సున్నా కదండీ. మూడు రెట్లు తగ్గితే, ఆ బల్బు వెలిగించినందుకు కరెంటాఫీసే మాకు ఎదురు కట్టాలి. మూడో వంతు అంటే పోయేదానికి ఈ తిప్పలెందుకో! మా ఇంటికి సున్నం వేస్తున్న పెయింటరు ‘నైంటీ పర్సెంట్ అయిపోయిందండీ’ అని దీపావళికి చెప్పాడు, సంక్రాంతికీ అదే చెప్పాడు. ఆయన మీద నాకు కోపం లేదు. మొత్తం ఎన్ని గోడలో ఆయనా చెప్పలేదు, అంతే.

ఈ ఉత్తరం కొరియర్లో పంపుతున్నాను. దాని మీదా 18 శాతం జీఎస్టీ పడింది. రశీదులో అసలు చార్జీ ఒక గడిలో, దాని మీద పడిన పన్ను ఇంకో గడిలో విడివిడిగా వేశారు. కాబట్టి మీకు ఆ పని చేతకాదని అనుకోవడానికి లేదు.

ఇట్లు,
వన్‌టౌన్ గుమాస్తా