నాలుగు నిమిషాల వ్యాయామం, నాలుగుసార్ల అన్నం

'రోజుకు నాలుగు నిమిషాలు చాలు, పొట్ట కరిగిపోతుంది' అని చెప్పే వీడియోలు తెలుగులో కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. వాటిలో తరచూ వినిపించే పేరు టబాటా. ఊపిరి ఎగపోసేంత గట్టిగా కాసేపు చేసి, కొంచెం ఆగి, మళ్లీ అంతే గట్టిగా చేసే ఈ తరహా కసరత్తులన్నిటినీ కలిపి జిమ్‌లలో హిట్ (హై ఇంటెన్సిటీ ఇంటర్వెల్ ట్రైనింగ్) అంటున్నారు. ఆఫీసు, ట్రాఫిక్, పిల్లల చదువుల మధ్య గంటసేపు నడిచే తీరిక దొరకనివాళ్లకు ఇది ఎంత ఆశ పుట్టిస్తుందో ఊహించగలను. ఈ వ్యాయామాలు మంచివే. మనవాళ్లకు చాలా అవసరమైనవి కూడా. కాకపోతే అవి చేసే మేలు ఒకటి, వాటి పేరు చెప్పి మనకు చూపిస్తున్న ఆశ ఇంకొకటి. ఈ తేడా తెలియకే చాలామంది రెండు నెలలు చెమటోడ్చి, కాటా ముల్లు కదలలేదని విసిగిపోయి మొత్తానికే మానేస్తున్నారు.

టబాటా సంగతే తీసుకుందాం. జపాన్ స్పీడ్ స్కేటింగ్ జట్టు కోచ్ ఒకాయన తన క్రీడాకారుల చేత చేయిస్తున్న కసరత్తును ఇజుమి టబాటా అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో పరీక్షించి, 1996లో ఫలితాలు ప్రచురించారు. పాల్గొన్నది వ్యాయామ విద్య చదువుతున్న కుర్రాళ్లు. సైకిల్ యంత్రం మీద 20 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, 10 సెకన్లు ఆగడం. ఇలా ఏడెనిమిది సార్లు. ఆరు వారాల్లో వాళ్ల శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే సామర్థ్యం బాగా పెరిగింది. ఆక్సిజన్ చాలని క్షణాల్లో కూడా కండరం పనిచేసే శక్తి 28 శాతం పెరిగింది. గొప్ప ఫలితమే. కానీ ఆ ప్రయోగం కొవ్వు గురించి చేసింది కాదు. వాళ్లు కొలిచింది దమ్ముని. అదీ అప్పటికే వ్యాయామానికి అలవాటుపడిన పాతికేళ్ల లోపు కుర్రాళ్లలో. సినిమా పాట పెట్టుకుని హాల్లో నాలుగు నిమిషాలు గెంతితే అదే జరుగుతుందని చెప్పడం ఆ పరిశోధనకు అన్యాయం చేయడమే.

లెక్క వేసి చూసినా అంతే. 70 కిలోల మనిషి నాలుగు నిమిషాలు ఎంత గట్టిగా చేసినా ఖర్చయ్యేది 60 కేలరీలకు అటూ ఇటూగా. పాలు, చక్కెర వేసిన చిన్న కప్పు టీలో దాదాపు అంతే ఉంటుంది. ఒంట్లో కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. ఆ లెక్కన కిలో తగ్గడానికి రోజూ చేసినా నాలుగు నెలలు దాటుతుంది, అదీ తిండి ఒక్క మెతుకు కూడా పెరగకపోతే. వ్యాయామం అయిపోయాక కూడా గంటల తరబడి కొవ్వు కరుగుతూనే ఉంటుందనే ప్రచారంలో నిజం లేకపోలేదు గానీ, ఆ అదనపు ఖర్చు వ్యాయామంలో కరిగినదానిలో చిన్న వంతు మాత్రమే. అధిక బరువున్నవాళ్ల మీద జరిగిన అధ్యయనాలను పోల్చి చూసి, 2017లో ఒక సమీక్ష తేల్చింది కూడా ఇదే: హిట్ చేసినవాళ్లకూ, మామూలు వేగంతో ఎక్కువసేపు చేసినవాళ్లకూ కొవ్వు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా సమయంలోనే. హిట్‌కు దాదాపు 40 శాతం తక్కువ సమయం పట్టింది.

మరి అలాంటప్పుడు ఎందుకు చేయాలి? ఇక్కడే అసలు విషయం ఉంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గిబాలా బృందం 2016లో ప్రచురించిన ప్రయోగంలో వ్యాయామం అలవాటు లేని మగవాళ్లను తీసుకున్నారు. కొందరి చేత వారానికి మూడుసార్లు 45 నిమిషాల చొప్పున మామూలు వేగంతో సైకిల్ తొక్కించారు. ఇంకొందరికి ఇచ్చింది పది నిమిషాలే. అందులోనూ గట్టిగా తొక్కేది 20 సెకన్ల చొప్పున మూడుసార్లు. 12 వారాల తర్వాత గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం రెండు బృందాల్లోనూ ఒకేలా పెరిగింది. శరీరం ఇన్సులిన్‌ను వాడుకునే తీరు కూడా రెండింటిలోనూ మెరుగుపడింది. గట్టిగా చేసినప్పుడు కండరం తనలో దాచుకున్న చక్కెర నిల్వను వేగంగా ఖర్చు పెడుతుంది. ఆ ఖాళీని పూడ్చుకోవడానికి తర్వాత రక్తంలోంచి చక్కెరను లాక్కుంటుంది.

ఈ చివరి మాట మనకు ఎంత ముఖ్యమో చెప్పాలంటే పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఫొటో గుర్తు చేసుకోవాలి. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఆయనా, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో వచ్చింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే కొలత) ఒకటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చేతులు కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనిషి మన ప్రతి వీధిలోనూ కనిపిస్తాడు. 'నేనేం లావు లేనుగా' అని ధీమాగా ఉంటాడు, మాస్టర్ హెల్త్ చెకప్‌లో షుగర్ బయటపడేదాకా. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెల్లడించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లు, దాని అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు. ఇలాంటి శరీరాలకు కండరాన్ని మేల్కొలిపే పది నిమిషాలు నిజంగా మందులాంటివి, కాటా మీద ఒక్క కిలో కూడా తగ్గకపోయినా సరే.

కొవ్వు మాటకొస్తే, అది తేలాల్సింది కంచం దగ్గరే.

మన భోజనం తీరు చూడండి. ముందు పప్పన్నం, నెయ్యి. తర్వాత కూరన్నం. తర్వాత చారో పులుసో. చివరికి పెరుగన్నం. అంటే ఒకే పూట నాలుగుసార్లు అన్నం పెట్టుకుంటాం. ఒక్కోసారి పెట్టుకున్నది వంద గ్రాములే అనుకున్నా అన్నం ఒక్కటే 500 కేలరీలు దాటుతుంది. ఒక పెద్ద చెంచా నెయ్యికి మరో 120. ఇందులో కూర ఎంత? నలుగురున్న ఇంట్లో అరకిలో దొండకాయలు వేయిస్తే వేగాక మనిషికి గుప్పెడు వస్తుంది. ఆ గుప్పెడు అన్నంలో నంజుకోవడానికే సరిపోతుంది. పప్పు కూడా అంతే, పల్చగా ఉంటుంది, అన్నం కలుపుకోవడానికి వీలుగా. మన వంటంతా అన్నాన్ని గొంతు దిగేలా చేయడానికే తయారైనట్టుంటుంది. పొలంలో పొద్దంతా ఒళ్లు వంచిన మనిషికి అది సరిగ్గా సరిపోయిన తిండి. కుర్చీలో పది గంటలు కూర్చునే మనిషికి ఎక్కడ సరిపోతుంది?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు 2,000 కేలరీల ఆహారానికి రోజుకు ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు ఉండాలన్నాయి. అన్నీ వండకముందు లెక్కలు. ఆ 250లో అన్నంతో పాటు ఇడ్లీ, దోసె, చపాతీ, ఉప్మా అన్నీ వస్తాయి. నలుగురున్న ఇంటికి దీన్ని అన్వయిస్తే రోజుకు కిలోన్నరకు పైగా కూరగాయలు వండాలి. మూడువందల గ్రాములకు పైగా పప్పు ఉడకాలి. మన ఇళ్లలో దీనికి దరిదాపుల్లో ఉన్నవి ఎన్ని? కీటో, పాలియో డైట్లంటూ దూరం వెళ్లక్కర్లేదు. మన పప్పు, మన గోంగూర, మన బీరకాయ చాలు. పాళ్లు మారాలి, అంతే.

పాళ్లు ఎలా మారుతాయన్న దానిమీదే నాకు బలమైన అభిప్రాయం ఉంది. కొన్నేళ్ల కిందట కొబ్బరినూనె, నిమ్మరసాల డైట్ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊళ్లకు ఊళ్లను ఊపేసింది. ఫంక్షన్ హాళ్లు నిండిపోయాయి. మొదటి వారాల్లో బరువు తగ్గినవాళ్లు ఎంతోమంది. ఆ తిండి ఇప్పటికీ తింటున్నవాళ్లు నాకు తెలిసినంతలో ఎవరూ లేరు. అమెరికాలోని బోస్టన్‌లో 160 మందికి నాలుగు పేరున్న డైట్లు ఇచ్చి ఏడాది చూసి 2005లో ఫలితాలు చెప్పారు. ఏ డైట్ అన్నదాన్ని బట్టి బరువు తగ్గలేదు, ఎవరు ఎంతగా దానికి కట్టుబడ్డారన్న దాన్ని బట్టి తగ్గింది. స్టాన్‌ఫర్డ్‌లో 609 మందితో 2018లో వచ్చిన అధ్యయనంలో కొవ్వు తగ్గించి తిన్నవాళ్లు ఏడాదిలో సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించి తిన్నవాళ్లు 6 కిలోలు తగ్గారు. పట్టించుకోవాల్సినంత తేడా కాదది.

కట్టుబడటం అనగానే మనం మనోబలం గురించి మాట్లాడతాం. ఆరంభశూరత్వం అని ఎదుటివాళ్లను ఎత్తిపొడుస్తాం. నాకు మాత్రం లోపం మనోబలంలో కాక, ఒక ఇంట్లో రెండు వంటలు చేయడంలో ఉందనిపిస్తుంది. ఇంటాయనకు షుగర్ వచ్చిందని కొర్రలో, పుల్కాలో విడిగా చేస్తారు. మిగతావాళ్లకు ఎప్పటిలాగే అన్నం, వేపుడు, అప్పడం. పక్క కంచంలో ఆవకాయ కలుపుతుంటే వాసన చూస్తూ పుల్కా తినమంటే ఎవరైనా ఎన్నాళ్లు తింటారు? రెండు వంటలు చేసే ఇల్లాలు మాత్రం ఎన్నాళ్లు చేస్తుంది? మూన్నాళ్ల ముచ్చటే అవుతుంది. ఇంటిల్లిపాదికీ ఒకే వంట ఉండి, అందులో పప్పు చిక్కబడి, కూర రెట్టింపై, బియ్యం ఒక గ్లాసు తగ్గితే అది డైట్‌లా అనిపించదు. పిల్లలకూ మేలే. వాళ్లకేమీ కొవ్వు లేదులే అనుకోవడం కూడా ఇప్పుడు కుదరదు.

దీనికి డబ్బు అడ్డంకి అన్నది నిజం, దాన్ని దాటవేసి ఆరోగ్య సలహాలు ఇవ్వడం నాకు నచ్చదు. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు అది లక్షల ఇళ్లలో ఆకలి తీర్చింది. ఇవాళ తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తోంది. ఏది చౌకగా దొరికితే కంచంలో అదే పెరుగుతుంది. కందిపప్పు, కూరగాయలు కొనాల్సి వచ్చేసరికి పేదింటి చేయి వెనక్కి పోతుంది. ఆకలి తీర్చిన రేషన్ దుకాణమే పప్పునూ చాలినంతగా ఇస్తే, ఎన్ని ఫిట్‌నెస్ క్యాంపెయిన్లు పెట్టినా రాని మార్పు వస్తుందని నమ్ముతాను.

ఇక ఈ పొట్టి వ్యాయామాలు ఎవరికి ఎక్కువ అవసరమో చెప్పాలి. మన దేశంలో 2022 నాటికి చాలినంత శారీరక శ్రమ లేని మగవాళ్లు 42 శాతం ఉంటే, ఆడవాళ్లు 57 శాతం అని 2024లో వచ్చిన అంతర్జాతీయ అంచనా. పొద్దున్న ఐదున్నరకు లేచి టిఫిను, క్యారేజీలు, స్కూలు బస్సు, తర్వాత తన ఉద్యోగం, రాత్రి మళ్లీ గిన్నెలు. పార్కులో గంట నడవమని ఆమెకు చెప్పడం ఎవరి కోసం? అందరూ తిన్నాక మిగిలిన అన్నం పారేయబుద్ధి కాక తానే తినేసేది కూడా ఆమే. మెక్‌మాస్టర్ పరిశోధకులే 2019లో ఇంకో ప్రయోగం చేశారు. మూడు అంతస్తుల మెట్లు, మొత్తం 60, వేగంగా ఎక్కడం. రోజుకు మూడుసార్లు, మధ్యలో గంట నుంచి నాలుగు గంటల విరామం, వారానికి మూడు రోజులు. ఆరు వారాలకే దమ్ము పెరిగింది. జిమ్ ఫీజు లేదు, బట్టలు మార్చుకునే పని లేదు. అపార్ట్‌మెంట్లలో ఉండే ఆడవాళ్లకు ఇంతకంటే అందుబాటులో ఉన్న వ్యాయామం నాకు కనిపించలేదు.

జాగ్రత్త మాత్రం ఉండాలి. నార్వేలో 4,846 మంది గుండె జబ్బు రోగుల వ్యాయామ శిక్షణను పరిశీలిస్తే, మామూలు వేగంతో చేసినప్పుడు గుండె ఆగిన ఘటన దాదాపు 1.29 లక్షల గంటలకు ఒకటి, గట్టిగా చేసినప్పుడు 23 వేల గంటలకు ఒకటి కనిపించింది. రెండూ అరుదే. అయినా తేడా ఉంది. 40 దాటి, బీపీయో షుగరో ఉండి, ఏళ్ల తరబడి కదలని మనిషి వీడియో చూసి మొదటి రోజే బర్పీలు (వంగి చేతులు నేలకానించి, మళ్లీ లేచి ఎగిరే కసరత్తు) మొదలుపెట్టకూడదు. మాట్లాడటానికి కష్టమయ్యేంత వేగంగా ఒక నిమిషం నడిచి, రెండు నిమిషాలు నెమ్మదించడం కూడా హిట్ కిందికే వస్తుంది. ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా ఆగిపోయి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, రేపు చూద్దాంలే అనుకోకూడదు.

ఫలితం కొలవడానికి కాటా సరైన సాధనం కాదు. కండరం కాస్త పెరిగి, పొట్ట కాస్త తగ్గితే బరువు అక్కడే ఉంటుంది, మనిషి నిరుత్సాహపడి మానేస్తాడు. దర్జీ టేపు నయం. మనవాళ్లకు ప్రమాదం మొదలయ్యే నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. పొద్దున్నే పరగడుపున, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా కొలుచుకోవాలి. నెలకు ఒకసారి చాలు.