సవరణ: ఇటుకలన్నీ నానబెట్టకండి

తొమ్మిది, పది తరగతుల తాపీపని ప్రాక్టికల్‌పై పెట్టిన పోస్టులో "ఏ ఇటుకైనా రాత్రంతా నానబెట్టాలి" అని రాశాం. అది మా తప్పు. నానబెట్టాల్సింది మట్టి ఇటుకనే. అదీ తొట్టిలో బుడగలు రావడం ఆగేదాకా. ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా వచ్చే బూడిద) ఇటుకకు కట్టే ముందు పైపైన నీళ్లు చల్లితే చాలని తయారీదారుల సూచనల్లోనే ఉంది. బాగా నానిన ఫ్లై యాష్ ఇటుక మాలులోని (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్దలోని) నీటిని పీల్చదు. పట్టు దొరక్క, తాపీతో తట్టగానే జారుతుంది. నాలుగు వరసలు లేచేసరికి గోడ గుండుకి రాదు (నిలువు తప్పుతుంది), ఆరాక సన్నటి పగుళ్లు. మాలు పలచనైందని పిల్లల్ని అనేముందు ఇటుకను చేత్తో పట్టుకుని ఎంత నానిందో చూడండి. 1:6 పాళ్లలో మార్పు లేదు: తట్ట సిమెంటుకి ఆరు తట్టల ఇసుక.