తాయెత్తు చేతికి, చీటీ బియ్యం డబ్బాలోకి

ఉరవకొండ దగ్గరి పల్లెలో ఉండే మా పెద్దమ్మ కోడలికి రెండేళ్ల కిందట తిండి సయించక, నిద్ర పట్టక, పొద్దున లేస్తూనే ఏడుపొచ్చేది. అడిగితే మాత్రం "తల బరువు, ఒళ్లంతా గుంజుతాంది" అనేది. ఊళ్లో ఆర్‌ఎంపీ మూడుసార్లు సెలైన్ ఎక్కించాడు. గ్యాసన్నారు, రక్తం తక్కువన్నారు, చివరికి గాలి సోకిందన్నారు. కసాపురం ఆంజనేయస్వామి గుడి దగ్గర మూడు శనివారాలు నిద్ర చేయించారు. అనంతపురంలో మానసిక వైద్యుడి దగ్గరికి చేరేసరికి అయిదు నెలలు పట్టింది.

ఆయన డిప్రెషన్ అని చెప్పి రాసిచ్చిన మందుల చీటీని వదిన బియ్యం డబ్బా అడుగున దాచింది. చేతికి కట్టిన తాయెత్తు మాత్రం అందరికీ కనబడుతూనే ఉంది.

మనం తప్పంతా మూఢనమ్మకం మీదికి నెట్టేస్తాం. నాకట్లా అనిపించదు. గాలి సోకిందంటే అందులో మనిషి తప్పేమీ లేదు. ఎక్కడిదో వచ్చి పట్టింది, పోతుంది. అదే డాక్టరు దగ్గరికి పోతే ఆ ఇంటి రక్తంలోనే ఏదో ఉందంటారు. "చెల్లెలికి సంబంధాలు చూస్తాండాం నాయనా, పిచ్చి డాక్టరు దగ్గరికి పోయినారని తెలిస్తే ఎట్ల?" అని పెద్దమ్మ నన్నే అడిగింది. దయ్యాల మీద ఆమెకూ పెద్ద నమ్మకం లేదు. భయమంతా ఊరి నోటి గురించే.

పైగా డిప్రెషన్‌కు కుంగుబాటు అనేది పేపర్ల మాట. ఇంట్లో అనేది దిగులు. దిగులుకు డాక్టరెందుకు, పుట్టింట్లో నాలుగు రోజులుండి వస్తే సరిపోదా అంటారు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవాళ్లలో నూటికి 85 మందికి చికిత్స అందడం లేదు. సిగ్గొక్కటే కారణం కాదు, డాక్టర్లూ తక్కువే. పల్లెల్లోని పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) స్థాయిలోనే ఈ వైద్యం చేయొచ్చని 1980లలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ప్రయోగం చేసి చూపించింది ఎక్కడో కాదు, మన పక్కనున్న బళ్లారి జిల్లాలో. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా.

డాక్టరు దాకా పోయినా కథ ముగియదు. ఇవి నిద్రమాత్రలని, అలవాటైపోతాయని పక్కింటావిడ చెప్పడంతో వదిన పది రోజులకే మానేసింది. డిప్రెషన్ మందులు నిద్రమాత్రలు కావు. పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, సొంతంగా ఆపకూడదు. ఓపీ రద్దీలో ఈ నాలుగు ముక్కలు చెప్పే తీరిక ఎవరికీ లేకపోయింది.

గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ దువాతో (ప్రార్థనతో) పాటు దవా (మందు) కూడా ఇస్తున్నారు. దర్గాను చూసుకునే ముజావర్లే రోగిని డాక్టరు దగ్గరికి పంపుతారు. కసాపురంలోనూ శనివారం పూట ఒక డాక్టరు కూర్చుంటే? మొక్కుకు వచ్చామని చెప్పుకోవచ్చు, మందూ తీసుకుపోవచ్చు. మూఢనమ్మకానికి ముద్ర వేసినట్టవుతుందని హేతువాద మిత్రులు కోప్పడతారు. కానీ మొక్కును వైద్యానికి దూరంగా వదిలేస్తే ఏమవుతుందో 2001లో తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచిన చోట చూశాం. గొలుసులతో కట్టేసిన 28 మంది అగ్నిప్రమాదంలో చనిపోయారు.

డాక్టరు దాకా పోలేనివాళ్లకు మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వ ఫోన్ సాయం టెలీ మానస్ 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

వదిన మళ్లీ మందులు మొదలెట్టి ఇప్పుడు బాగుంది. నెలకోసారి అనంతపురం పోతుంది. ఎవరడిగినా తలనొప్పి డాక్టరు దగ్గరికి అంటుంది. పక్క వీధిలో ఇంకొకామె చాటుగా వచ్చి ఆ తలనొప్పి డాక్టరు ఎక్కడుంటాడని అడిగిందట.