బంగారం కాదు బావా, పేల దువ్వెన

మొన్న హనుమకొండలో పెళ్లి భోజనాల దగ్గర మా బావకు ఒక ముచ్చట చెప్తున్నా. మునిగిపోయిన పాత ఓడల్ని వెతికే డైవర్ల గురించి. జీతం ఉండదు, ఖర్చులు చాలాసార్లు సొంతవే, సెలవు దొరికితే చాలు చల్లటి నీళ్లలో దిగి, టేపుతో కొలిచి, ప్లాస్టిక్ పలక మీద పెన్సిల్‌తో రాసుకుని, ఎక్కడిది అక్కడే వదిలేసి పైకొస్తారు అన్నా. మా బావ చేతిలో మటన్ ముక్క కింద పెట్టి మరీ అడిగాడు: "బంగారం ఎంత దొరికింది?"

ఒళ్లు మండింది. మన ఊళ్లలో పాత గుళ్లను గుంతలు చేసింది ఈ ప్రశ్నే కదా! మా అమ్మమ్మ వాళ్ల ఊరి చివర శివాలయంలో నంది ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. దాని కింద మోకాలి లోతు గుంత, అందులో ఎండిపోయిన నిమ్మకాయలు. గుప్తనిధులంట. దొరికింది గుండుసున్నా, నందికి మాత్రం చెవి పోయింది.

ఇంగ్లండ్‌లో మేరీ రోజ్ అని ఒక యుద్ధనౌక 1545లో మునిగింది. దాన్ని వెతకడం 1965లో మొదలుపెట్టింది అలెగ్జాండర్ మెకీ అనే జర్నలిస్టు, ఆయన వెంట సరదాకు డైవింగ్ చేసే మామూలు జనం. బురద కింద ఓడ చెక్కలు కంటపడేసరికి 1971 వచ్చింది. తర్వాత తవ్వకాల్లో వందలమంది వాలంటీర్లు నీళ్లలో దిగారు, 1982లో ఓడను పైకి లేపారు. అయినా పని అయిపోలేదు, నానిన చెక్క ఆరితే ముడుచుకుని పగులుతుంది కాబట్టి 1994 నుంచి 2013 దాకా దానిమీద రసాయనం చల్లుతూనే ఉన్నారు.

ఇంతకీ అందులో ఏముంది? విల్లులు, బాణాలు, ఓడలో ఉన్న కుక్క ఎముకలు, చెక్క దువ్వెనలు. అచ్చం మన అమ్మమ్మలు ఒళ్లో పడుకోబెట్టుకుని పేలు తీసే దువ్వెనల్లాంటివే, రెండు వైపులా పళ్లు, ఒక వైపువి మరీ సన్నం. కొన్నిటిలో నాలుగొందల ఏళ్ల నాటి పేలు కూడా అలాగే ఉన్నాయి. నాకైతే బంగారం కంటే అదే అద్భుతం. మా బావకు నవ్వొచ్చింది, సరే.

"అయినా వరంగల్‌లో కూర్చుని మనకు సముద్రం గొడవెందుకురా" అన్నాడు. ఇక్కడ దొరికిపోయాడు. మన కాకతీయ రాజు గణపతిదేవుడు 1244-45లో చీరాల దగ్గరి మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం పగిలిన ఓడల గురించే! తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, బంగారం అన్నీ వెనకటి రాజులు గుంజుకునేవారు, మేం మాత్రం పెట్టిన సుంకం తప్ప ఇంకేదీ ముట్టుకోం అని రాయి మీద చెక్కించాడు. అంటే ఆ తీరంలో ఓడలు పగిలేవనేగా? పగిలిన ఓడను దోచుకోవద్దని ఓరుగల్లు రాజు చెప్తే, ఆయన కాలం నాటి గుళ్ల కిందే గడ్డపారలు వేస్తున్నాం మనం.

మన దగ్గర నీళ్లలో దిగి వెతికేవాళ్లు లేరా అంటే ఉన్నారు. చెరువులోనో కాలువలోనో ఎవరైనా పడితే గజ ఈతగాళ్లకే కదా ఫోన్ పోయేది. సరైన మాస్క్ కూడా లేకుండా బురదనీళ్లలో చేతులతో తడుముతూ వెతుకుతారు, శవం పైకి రాగానే వాళ్లనూ మర్చిపోతాం. శ్రీలంకలో గొడవాయ దగ్గర సుమారు రెండు వేల ఏళ్ల నాటి ఓడ జాడ మొదట పట్టింది అక్కడి జాలర్లే. ఇలాంటివాళ్లకు సిలిండర్‌తో దిగడం, కొలవడం, ఫొటోలు తీయడం నేర్పించి, పురావస్తు శాఖ వాళ్లను వెంట పంపితే మోటుపల్లి దగ్గర వెతకలేరా?

కాజీపేటలో రైలెక్కితే చీరాలలో దిగొచ్చు, అక్కడి నుంచి మోటుపల్లి దగ్గరే. వచ్చే నెల శాసనం చూడటానికి పోతున్నా. సముద్రంలో దిగే ధైర్యం నాకు లేదు, నా ఈతంతా మోటబావిలో నడుముకు బెండు కట్టుకుని నేర్చుకున్నదే. బావ కూడా వస్తానంటున్నాడు, ఎందుకొస్తున్నాడో నాకు డౌటే.